నారాయణగూడ కమాను మీది పేరు పలక

ఇది దూరప్రయాణం కాదు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాను. శుక్రవారం నుంచి ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడలేదని శనివారం మధ్యాహ్నం గుర్తొచ్చింది. అప్పుడే చిక్కడపల్లి గ్రంథాలయం గేటు దగ్గర చేత్తో రాసిన కాగితం కనిపించింది. ఆదివారం ఏడింటికి నారాయణగూడలో పాత కమాను బాగుచేద్దాం, రండి అని. కింద పదకొండు పేర్లు. పన్నెండోది నాది రాశాను. చరిత్ర మీద ప్రేమతో అని చెప్పను. పదకొండు మంది ఉంటారు కదా అని.

ఆరున్నరకు బయల్దేరి చిక్కడపల్లి చౌరస్తా దాకా నడిచాను. అక్కడి నుంచీ నడవొచ్చు, కానీ ఆటో ఎక్కాను. యాభై రూపాయలు.

“కమాన్ కాడికా? ఆడ ఏముందక్కా, కోచింగ్ పోస్టర్లు తప్ప” అన్నాడు డ్రైవర్.

“వాటి వెనకే ఉందట అన్నా.”

“అయితే జర గట్టిగ గీకుండ్రి.”

కమాను ఉన్న గల్లీలో ఇద్దరే ఉన్నారు. ఒకరు నరసింగరావు గారు, ఒకప్పుడు ఈ వార్డు కార్పొరేటర్. డెబ్బై దాటిన ఈ వయసులో ఆదివారాలన్నీ పాత కట్టడాల మరమ్మతుకే. రెండోవాడు మహబూబ్‌నగర్ నుంచి వచ్చి అడిక్‌మెట్ బస్తీలో ఉంటున్న మేస్త్రి బాలయ్య. కమానులో పగులు పడింది. వానల్లోపు పూడ్చకపోతే ప్రమాదమని కూల్చేస్తారట.

“మిగతావాళ్లు రాలేదా సార్?”

“నువ్వొచ్చినవ్ గదమ్మా” అని తడిగుడ్డ చేతికిచ్చారు.

పోస్టర్లు నానబెట్టి ఊడదీశాను. నేను చదివే కోచింగ్ సెంటర్‌ది కూడా. వాటి కింద పాలరాతి పలక బయటపడింది. మరమ్మతు చేయించినవారు అని, నరసింగరావు గారి పేరు.

“ఇది మీరేనా?”

“నేనే. కార్పొరేటర్‌గ ఉన్నప్పుడు గట్టిగుండాలని అంతా సిమెంటు కొట్టిచ్చిన. సున్నం గోడకు గాలాడాలెనని ఎరుక లేకపాయె. తడి లోపల్నే ఉండిపోయింది. పగులు సక్కగ నా పేరెనకనే మొదలైంది.”

బాలయ్య ఉలి ఆనించి ఆగాడు. “పలగకుండ తియ్యాల్నంటే పొద్దుగూకుతది సార్. ఇంటికి తీస్కపోతరా?”

“ఇంట్ల ఎవరున్నరు చదవనీకి? కొట్టు.”

నాలుగు దెబ్బలకు పేరు రెండు ముక్కలైంది. వెనక చెమ్మగిల్లిన పాత సున్నపు గచ్చు. దాని మీద ఎవరో అదిమిన వేళ్ల గుర్తులు. “గచ్చు రుద్దిన ఆడమనిషివి అయ్యుంటయి” అన్నాడు బాలయ్య. అవి అలాగే ఉంచుదామన్నాను.

“ఉంచితే గోడ ఉండదమ్మా” అన్నారు నరసింగరావు గారు. పదిన్నరకల్లా పగులు సున్నంతో నిండింది. వేళ్లూ మూసుకుపోయాయి.

తర్వాత ఆయన సంచిలోంచి పెద్ద ఫ్లాస్కు, కాగితం కప్పుల దొంతర తీశారు. పద్నాలుగు కప్పులు. ముగ్గురం ఉన్నాం. బాలయ్య నాలుగు తాగి, “ఇగ నాతోని కాదు సార్” అన్నాడు. మిగిలిన చాయ్‌ని ఆయన మూత బిగించి సంచిలో పెట్టుకున్నారు.

తిరిగి హాస్టల్‌కు నడిచే వచ్చాను, దాదాపు అరగంట. ఆ గల్లీలోంచి రోజూ వందల మంది పోతారు. అక్కడొక చెయ్యి ఉందని ముగ్గురికే తెలుసు. గదికొచ్చాక కూడా గోళ్లలో సున్నం ఉంది. కడుక్కోవాలనిపించలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. గేటు దగ్గరి కాగితం మీద పేరు రాస్తే తప్పకుండా వెళ్లండి. ఆయన ఆ పేర్లు చూసుకునే చాయ్ తెస్తారు.