ఇప్పచెట్ల కింది చేను

ఆకాశం నుంచి తీసిన బొమ్మలో కనబడని చేను నేల మీద కూడా లేదని మీరు చెప్పగలరా? తొందరపడకండి. చెప్పగలననే నేనూ ఒకప్పుడు అనుకున్నాను.

తెలుగూ హిందీ కలిసే సరిహద్దు అడవుల్లో, ఆవపల్లిలో మాకు కిరాణా దుకాణం ఉంది. నా మనసు మాత్రం ఎప్పుడూ సభల్లోనే. తాయెత్తులూ పూనకాలూ వట్టి గుడ్డినమ్మకాలని గొంతు పోయేదాకా వాదించేవాణ్ని. మిగతా సమయంలో ఉసూర్ వైపు ఊళ్లవాళ్లకు అటవీహక్కు పట్టాల దరఖాస్తులు రాసిపెట్టేవాణ్ని. దరఖాస్తులను ఉపగ్రహ చిత్రాలతో సరిచూస్తారని తెలిసినప్పుడు నా అంత సంతోషించినవాడు ఈ బ్లాకులో లేడు. "పైన తిరిగే యంత్రానికి కులం లేదు, చుట్టరికం లేదు, లంచం తెలియదు. దాని మాటకు తిరుగులేదు" అని ఊరూరా చెప్పాను.

ఆ మాట నమ్మి ముందుగా దరఖాస్తు ఇచ్చింది దోర్ల తెగకు చెందిన ఒక ముసలమ్మ. అత్త కాలం నుంచి సామలు చల్లుకునే చెలక ఆమెది. అందులో అయిదు ఇప్పచెట్లు. ఇక్కడ అడవి కొట్టి చేను చేసుకునేవాళ్లు ఇప్పచెట్టు జోలికి పోరు. ఎండాకాలం మొదట్లో రాలే పువ్వు ఇంట్లో తిండి, సంతలో సరుకు. అందుకే చెట్టును ఉంచి చుట్టూ దున్నుకుంటారు. ఈ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు, పైనున్న యంత్రానికి తప్ప.

దరఖాస్తు తిరిగొచ్చింది. హక్కు రావాలంటే చట్టం చెప్పిన నాటికే ఆ నేల సాగులో ఉండాలి. ఆనాటి చిత్రంలో అక్కడ పచ్చటి గుబురు ఉంది. "అడవి. సాగు లేదు" అని రాశారు. ఆ కాగితం ఆమెకు చదివి వినిపించాను.

"గంత మీదికెల్లి సూసేటోనికి నా చేను కానరాలేదా గురూజీ?" ఈ వైపు నాలుగక్షరాలు వచ్చిన ప్రతివాడూ గురూజీయే.

"చెట్లు కమ్మేశాయి అవ్వా. కొమ్మలే కనబడుతున్నాయి, కింద చేను కనబడటం లేదు."

"మరి వంగి సూడొద్దా? మా ముసలోడు గూడ గంతే. నిలబడ్డ కాడినుంచే ముంత ఏదని అరిసేటోడు."

ఇద్దరం నవ్వుకున్నాం. అప్పీలు రాద్దామన్నాను. దుకాణం పని మీద జగదల్‌పూర్ పోయి, అక్కడ జ్వరం పడి, నెల దాటాక తిరిగొచ్చాను. ఆ ఆలస్యం నాది. దాన్ని ఎవరి మీదికీ తొయ్యలేను.

వచ్చి చూస్తే చేనులో అయిదు మొద్దులు. మరిది కొడుకులు నరికారట. మొదటి దెబ్బ మాత్రం ఆమే వేసిందట, చెట్టుకు చెప్పుకుని.

"ఇప్పుడు సూడుమను" అంది చెయ్యి పైకెత్తి. "ఏది అడ్డం? సాప పరిసినట్టు కానొస్తది."

జరిగిన పొరపాటు వివరించబోయి, చెట్లు కమ్మేశాయని నేనన్న మాటను ఆమె చెయ్యవలసిన పనిగా తీసుకుంది. ఎందుకు తీసుకోదు? ఆ యంత్రం మాటకు తిరుగులేదని చెప్పింది నేనే కదా.

తరవాతి చిత్రంలో ఆ చోటు ఎర్రగా వచ్చింది. కొత్తగా అడవి పోయిన చోటుకు వాళ్లు ఆ రంగు వేస్తారు. ఆఫీసులో పటాలు చూసే ఉద్యోగి మర్యాదగానే కంప్యూటర్ తెర నావైపు తిప్పాడు.

"దేఖియే భాయీసాబ్. అప్పుడు జంగల్, ఇప్పుడు సాఫ్. నన్నేం చెయ్యమంటారు?"

"వచ్చి చూడండి. మొద్దుల మధ్య ఎన్నో ఏళ్లనాటి గట్లున్నాయి."

"రోడ్డుందా?"

"లేదు."

"మరి?"

రెండు బొమ్మలూ నిజమే. వాటి నుంచి తీసిన తీర్పే అబద్ధం. పూనకం వచ్చినవాణ్ని వంద ప్రశ్నలు అడిగిన నేను, ఆ తెరను ఒక్కటీ అడగలేదు. ఒక గుడ్డినమ్మకాన్ని తీసేసి, ఆ చోట ఇంకొకటి నాటాను. ఇలాంటి చిత్రం ఇతర సాక్ష్యానికి తోడే తప్ప బదులు కాదని నిబంధనల్లోనే ఉంది. ఆ వాక్యం నేను చదివాను. ఆమెకు చెప్పలేదు.

ఈ ఏడు పువ్వు రాలే రోజుల్లో ఆమె మా దుకాణానికి వచ్చింది. అందరి చేతుల్లో బుట్టలున్న కాలంలో ఉత్తచేతులతో వచ్చింది.

"ఆఫీసోళ్లు పాత బొమ్మలు దాసిపెడతరంట గదా. నా చెట్లున్నది ఒకటి తెచ్చియ్యి."

తెచ్చి ఇచ్చాను. ఆమె హక్కును కొట్టేసిన బొమ్మే అది. దాన్ని నేల మీద పరిచి, నాకు ఒకే గుబురుగా కనిపించిన పచ్చదనాన్ని వేలితో విడదీసింది.

"గిది అన్నిటికన్న ముందు రాలుస్తది. గిది ఆలిశం, ఊరందరి పువ్వు అయినంక పెడ్తది. గిది మా అత్తది. దాని కింద ఎవర్నీ ఏరనియ్యకపోయేది, నన్ను గూడ." చెట్ల మధ్య గోధుమరంగు ఖాళీల దగ్గర వేలు ఆగింది. "గియ్యేంది మరి? నా చెలకే గదా గురూజీ?"

అవును. ఆ బొమ్మలో చేను మొదటి నుంచీ ఉంది. చూడటం తెలిసిన మనిషిని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆలస్యంగానైనా నేను రాసిపెట్టిన అప్పీలు ఇంకా తేలలేదు. తేలినా చెట్లు రావు.

తెర ముందు కూర్చునే ఉద్యోగులారా, గ్రామసభలో చెయ్యెత్తే పెద్దలారా, నాలాగా దరఖాస్తులు రాసిపెట్టేవారలారా, రంగు చూసి సంతకం పెట్టకండి. రోడ్డు లేకపోతే నడవండి. ఆ బొమ్మను ఆ నేల దున్నిన మనిషి ముందు పరచండి, వేలు పెట్టి చూపించమనండి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి. చెట్టు మీద గొడ్డలి పడకముందే వెళ్లండి.