గోడకు పెట్టిన దణ్ణం

ఆ ఉదయం వాసు లేచిన అలికిడి విని వెనక గదిలోకి వెళ్ళాను. మా అబ్బాయికి అప్పుడు ఆరో నెల. ఉయ్యాలలోంచి తీసి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. వాడు ఉన్నట్టుండి తల ముందుకు వాల్చి, చేతులు రెండూ చాచి దగ్గరకు తెచ్చి, నడుము దగ్గర వంగాడు. లేచాడు. కాసేపటికి మళ్ళీ వంగాడు. అలా వరసగా వంగుతూనే ఉన్నాడు.

అది మాకు కొత్త కాదు. వాసు దణ్ణం పెడుతున్నాడని అప్పటికి కొన్ని వారాలుగా ఇంటిల్లిపాదీ మురిసిపోతున్నాం. కానీ ఆ రోజు వాడి ఎదురుగా దేవుడి పటం లేదు, దీపం లేదు. మా వారి చొక్కాలు తగిలించిన గోడ ఉంది.

"అత్తయ్యా, వీడు గోడకు దణ్ణం పెడుతున్నాడు" అన్నాను.

"గోడలో మాత్రం లేడేంటమ్మా దేవుడు?" అని వంటింట్లోంచే నవ్వారు మా అత్తగారు.

దేవుడు లేని చోటు లేదని పుట్టినప్పటి నుంచీ విన్నదాన్ని, నలుగురికీ చెప్పినదాన్ని. కానీ వంగడం అయిపోగానే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. నా ముఖం వాడి ముఖం ముందు పెట్టాను. వాడి చూపు నా మీద ఆగకుండా పక్కకు జారిపోయింది.

మాది ద్రాక్షారామం దగ్గర ఒక పల్లెటూరు. మా వారు హైస్కూల్లో మాస్టారు. మా నాన్నగారు పురాణం చెప్పేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నదే నా చదువు. పెళ్ళై వచ్చిన దగ్గర నుంచి శనివారం సాయంత్రం మా ఇంట్లో ఆడవాళ్ళమంతా కూర్చుని పారాయణం చేసుకునేవాళ్ళం. వాసుని పుట్టింటి నుంచి తెచ్చాక వాడినీ మా మధ్యనే బొంత మీద పడుకోబెట్టేదాన్ని. వాడు నవ్వితే నువ్వుండలు పంచాం. బోర్లా పడితే మా అత్తగారు బొబ్బట్లు చేసి వీధంతా పంచారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, హారతి వేళకు నిద్రలేచి, వాడు మొదటిసారి వంగాడు. పారాయణం చెప్పే సుందరమ్మ గారు హారతి పళ్ళెం కింద పెట్టి వాడికే దణ్ణం పెట్టారు. "ఏ జన్మలో ఎన్ని పూజలు చేసుకున్నాడో వీడు" అన్నారు. మరుసటి శనివారం ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. ఒకరిద్దరు వాడి పాదాలు కళ్ళకద్దుకున్నారు. నేనూ పొంగిపోయాను. ఆ సంబరంలో పడి, వాడు బోర్లా పడటం మానేశాడని మాలో ఎవరికీ తోచలేదు. నవ్వూ తగ్గింది. "అల్లరే లేదు, బుద్ధిమంతుడు" అనుకున్నాం.

గోడ సంగతి చూశాక మా వారితో కలిసి రామచంద్రపురంలో డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఏంటమ్మా బాధ అన్నారాయన. నిద్ర లేవగానే ఏడుస్తున్నాడండీ అన్నాను. మిగతాది నోటిదాకా వచ్చింది. దణ్ణాన్ని జబ్బుల్లో కలిపి చెప్పడానికి మనసొప్పలేదు. ఆయన పొట్ట నొక్కి చూసి గ్యాస్‌కు చుక్కల మందు రాశారు. విన్నదానికి సరిపడా మందే ఇచ్చారు.

చుక్కలు వాడుతున్నా వంగడం ఎక్కువైంది. వేలు అందిస్తే పట్టుకోవడం కూడా పోయింది. చివరికి మా వారు కాకినాడలో పిల్లల డాక్టరు గారికి చూపిద్దామన్నారు. అత్తగారూ వచ్చారు. ఆ డాక్టరు గారు బరువు, తల చుట్టుకొలత అన్నీ చూసి, ఇంకేమైనా ఉందా అని అడిగారు.

"వాడు దణ్ణాలు కూడా పెడతాడండి" అన్నారు అత్తగారు, మనవడి గొప్ప చెప్పే గొంతుతో.

ఆయన రాయడం ఆపారు. "ఎలా పెడతాడు? చెప్పకండి, చేసి చూపించండి."

మా వారు సిగ్గుతో కిటికీ వైపు చూశారు. అత్తగారు కొంగు నడుముకు దోపుకుని, బల్ల మీద కూర్చుని, తల వాల్చి చేతులు విసిరి వంగి చూపించారు.

"ఒక్కసారేనా అమ్మా?"

"అబ్బే, ఒకదాని వెంట ఒకటండి. నిద్రలేస్తే చాలు."

"దేవుడి ముందేనా?"

అత్తగారు నా వైపు చూశారు. "గోడ ముందు కూడానండీ" అన్నాను.

ఆయన మెల్లగా చెప్పారు. "ఇవి దణ్ణాలు కావమ్మా. ఫిట్స్."

"నురగ రాలేదు కదండీ? కాళ్ళూ చేతులూ కొట్టుకోలేదు కదా?" అన్నారు మా వారు.

"పసిపిల్లల్లో ఇలా కూడా వస్తాయి మాస్టారూ. ఇన్ఫాంటైల్ స్పాజమ్స్ అంటాం."

మర్నాడు నిద్రమందు పట్టి, తలకు జిగురు రాసి వైర్లు అంటించి ఈఈజీ తీశారు. హిప్సారిథ్మియా అని వచ్చింది. మెదడులో కరెంటు గందరగోళంగా ఉందని, అది ఆగకపోతే ఎదుగుదల ఆగిపోతుందని చెప్పారు. సీటీ స్కాన్‌లో ఏ తేడా లేదన్నారు. "అది మంచి విషయమే. కానీ పోయినవన్నీ తిరిగి వస్తాయని మాత్రం మాట ఇవ్వలేను" అన్నారు.

తిరుగు బస్సులో అత్తగారు వాడిని ఒళ్ళోంచి దించలేదు. నేను స్వామిని ఒక్కటే అడిగాను. వీడు నన్ను మళ్ళీ చూడాలి.

ఏసీటీహెచ్ అనే హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉంచి, తర్వాత ఊళ్ళో నర్సమ్మ చేత రోజూ తొడకు వేయించమన్నారు. బీపీ చూపిస్తుండాలి. "ఈ మందుకు రోగాల్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. వాడుతున్నంతకాలం ఇన్ఫెక్షన్ రాకూడదు. ఇంట్లో జనం పోగవకూడదు" అన్నారు.

అంటే శనివారం పారాయణం ఆపాలి.

"నామం చదివే చోట రోగం అంటుకుంటుందా?" అన్నారు అత్తగారు. ఆ రోజు నేనే సుందరమ్మ గారి ఇంటికి వెళ్ళి, తలొంచుకుని చెప్పాను. కోప్పడతారనుకున్నాను.

"దానికంత గింజుకుంటావేంటే? మా అరుగు మీద కూర్చుంటాం. నువ్వు పిల్లాడి పక్కన చదువుకో. ఆయనకి మీ ఇంటి దారి తెలీదా ఏంటి?" అన్నారు.

రెండో వారానికి వంగడం తగ్గింది. తర్వాత ఆగింది. మందు వల్ల ముఖం ఉబ్బి, ఆకలి ఎక్కువై, తెల్లార్లూ చిరాకు పడేవాడు. పాలు తెచ్చే సత్తెమ్మ గుమ్మంలోంచి చూసి, "ఏం పెడతన్నారండీ బాబుకి? బుగ్గలు బూరెల్లా పొంగాయండి! దిట్టి తియ్యండి, ఆయ్" అంది. నవ్వాను. లోపలికొచ్చి ఏడ్చాను.

అంతలోనే జ్వరం, ఆయాసం వచ్చాయి. న్యుమోనియా అన్నారు. మళ్ళీ కాకినాడ, మళ్ళీ ఆస్పత్రి, సెలైన్. ఇంజెక్షన్ డోసు తగ్గించాల్సి వచ్చింది. ఆ ఆస్పత్రి మంచం మీదే వాడు మళ్ళీ వంగడం మొదలుపెట్టాడు. కంగారుగా నర్సును కేకేశాను. డాక్టరు గారు మాత్రం "ఛాతీ బాగుపడనివ్వండి, మళ్ళీ డోసు పెంచుదాం" అన్నారు. అలాగే చేశారు. ఈసారి వంగడం ఆగిపోయి మళ్ళీ రాలేదు. ఇంజెక్షన్లు మెల్లగా తగ్గించి మాత్రలకు మార్చారు. తర్వాతి ఈఈజీ బాగుందన్నారు. అయినా వాడి కళ్ళు ఇంకా ఎటో చూస్తూనే ఉండేవి.

ఒక మధ్యాహ్నం వాడిని చాప మీద కూర్చోబెట్టి, చుట్టూ దిళ్ళు పెట్టి, పచ్చడికి పోపు వేస్తున్నాను. మిరపకాయ ఘాటుకు గట్టిగా తుమ్మాను. వాడు నా వైపు తిరిగాడు. చూశాడు. మళ్ళీ తుమ్మితే నవ్వాడు. ఇక తుమ్ము రాకపోయినా తుమ్ముతూనే ఉన్నాను. పోపు మాడిపోయింది. అత్తగారు పరుగున వచ్చి, వాడి ముఖం చూసి, స్టవ్ ఆర్పి అక్కడే చతికిలబడ్డారు.

ఇంత భక్తిగా ఉండే మీకే ఇలా ఎందుకు జరిగిందని అడిగినవాళ్ళున్నారు. నాకు తెలియదు. స్వామి మందుగా వచ్చాడా, డాక్టరు గారి ప్రశ్నగా వచ్చాడా అని నేను విడదీసి చూడను. ఒక్కటి మాత్రం ఆ రోజుల్లో నేర్చుకున్నాను. నమస్కారమంటే వంగడం కాదు, ఎదుట ఉన్నవారిని చూడడం. అప్పుడు వాడు ఎవరినీ చూడలేదు. అందుకే అందులో నమస్కారం లేదు, బాధ ఉంది.

ఇప్పుడు వాసుకి తొమ్మిదేళ్ళు. రెండేళ్ళు దాటాకే నడిచాడు. మాటలు ఆలస్యంగా వచ్చాయి. మాత్రలు ఆపి చాలాకాలమైంది. తనకన్నా చిన్న పిల్లలతో కలిసి మూడో తరగతి చదువుతున్నాడు. లెక్కలు వాడికి కష్టం. వాళ్ళ నాన్న చింతగింజలు పెట్టి చెబుతారు, విసుక్కుంటారు, మళ్ళీ చెబుతారు. అన్నీ తిరిగి రాలేదు. వచ్చినవాటికే రోజూ కృతజ్ఞత చెప్పుకుంటున్నాం.

పసిబిడ్డలున్న తల్లులకు నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు మీకు భయం కలిగించినవే కాదు, ముచ్చట గొలిపినవీ చెప్పండి. బిడ్డ ఒకే పనిని ఒకేలా, వరసగా చేస్తుంటే మర్నాటికి వాయిదా వేయకుండా తీసుకెళ్ళండి. మీరు కళ్ళారా చూసింది చూసినట్టు చూపించండి. దానికి పేరు పెట్టే పని వాళ్ళకు వదిలేయండి.