కరీముల్లా గారు చేసిన ఫోను

ఈ వారమంతా, దేశం దాటి వచ్చి మేముంటున్న పుంగ్గోల్‌లో, మా వరండా నిండా రంజాన్ గంజి వాసన. పక్క ఫ్లాటులో మహబూబీ ఆంటీ అల్లం, వెల్లుల్లి వేయించి బియ్యం ఉడికిస్తున్నప్పుడల్లా ఆమె భర్త కరీముల్లా గారు గుర్తొస్తారు. వయసులో ఉండగా కడప నుంచి వచ్చి, ఇక్కడి బడిలో లెక్కలు చెప్పి, ఆదివారాలు మసీదులో పిల్లలకు మతపాఠాలు చెప్పిన మనిషి. ఆయన లేకుండా ఇది రెండో రంజాన్.

మేం ఈ ఇంట్లోకి మారిన కొత్తలో, ఇంటర్నెట్‌లో ఉపన్యాసాలు విని దాడికి సిద్ధపడిన ఒక యువకుణ్ని పట్టుకున్నారని వార్త వచ్చింది. మర్నాడు రైల్లో గడ్డం ఉన్న మనిషి పక్కన సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. సిగ్గేసి ఆ సంగతి కరీముల్లా గారికే చెప్పి, ఇదంతా ఎక్కడ మొదలైందని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు.

"రాజ్యాలు పోయి తెల్లోళ్లు ఏలినప్పుడు మావాళ్లకు పెద్ద అవమానమైందమ్మా. దీన్, అదే మతధర్మం, విడిచినందుకే ఓడిపోయినాం, ప్రవక్త కాలంనాటి మొదటి తరాల మాదిరి బతకాల అని కొందరన్యారు. ఆడిదాకా బాగుపడాలనే తపనే. ఇప్పుడూ శానామంది ఆడనే ఉండారు, నమాజు చేసుకుంటా. ఇంకొందరు ఇంకా ముందుకు పోయినారు. మేం చెప్పినట్ల నడవనోడు ముసల్మానే కాదన్యారు. అట్లాంటోణ్ని చంపినా పాపం లేదన్యారు. భయపడాల్సింది ఆడ."

"అంటే గడ్డం చూసి భయపడక్కర్లేదంటారు," అన్నాను.

"గడ్డం నాకూ ఉండాది గదమ్మా," అని నవ్వారు.

కొన్నేళ్లకు 'ముసల్మానే కాదు' అన్న ఆ మాట ఆయన ఇంట్లోనే వినిపించింది. యూనివర్సిటీలో చదివే కొడుకు ఇమ్రాన్ మొదట నన్ను పలకరించడం మానేశాడు. దీపావళికి నేనిచ్చిన మిఠాయి తిరిగొచ్చింది. ఒకరోజు తల్లి దాచుకున్న ఊరి దర్గా ఫొటోను చెత్తలో పారేసి, దర్గాకు మొక్కేవాళ్లు ముస్లిములు కారని ఆమె ముఖం మీదే అన్నాడట. తండ్రి వాదిస్తుంటే గోడ అవతల నుంచి గొంతులు వినిపించేవి. "దట్స్ నాట్ రియల్ ఇస్లాం, అబ్బా," అనేవాడు ఇమ్రాన్. నేను టీవీ తగ్గించి వింటూ, మా తలుపు గడియ పడిందో లేదో చూసుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం కరీముల్లా గారు మా గుమ్మంలో నిలబడ్డారు.

"వాడు ఆ చంపేటోళ్లతో కలిసి యుద్ధానికి పోతాడంటమ్మా. విమానం టికెట్టు కూడా తీసుకున్యాడు. పోలీసోళ్లకు ఫోన్ చేయాల. మహబూబీ ముందర చేయలేను."

"ఇంకొక్కసారి మాట్లాడి చూడండి అంకుల్."

"నా మాటలు అయిపోయినాయి. వాడు బతికుంటే ఇంకొకరు మాట్లాడతారు."

మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఫోన్ చేశారు. అటువైపు వాళ్లు అడిగినప్పుడు కొడుకు పేరు పూర్తిగా, తడబడకుండా చెప్పారు.

ఇమ్రాన్‌ను నిర్బంధించారు. మతం బాగా చదువుకున్న పెద్దలు వెళ్లి అతనితో మాట్లాడేవారు. తండ్రి ముఖం మాత్రం చూడనన్నాడు. అయినా ఆయన ప్రతి ములాఖత్‌కూ వెళ్లి, ఊరికే తిరిగి వచ్చేవారు. చాలాకాలానికి కొడుకు ఎదుటికొచ్చి కూర్చున్నాడు. ఏం మాట్లాడాడని అడిగాను.

"అమ్మకు మోకాలినొప్పి ఎట్లుందని అడిగినాడు," అంటూ ఏడ్చేశారు.

కొడుకు ఇంటికొచ్చాక ఆయన ఎక్కువ కాలం బతకలేదు.

ఇప్పుడు ఇమ్రాన్ లిఫ్టులోకి వస్తే నాకు ఇంకా కొంచెం భయమే. నిజంగా మారాడో లేదో నాకెలా తెలుస్తుంది? నా భయం అతనికీ తెలుసు, మూలకు ఒదిగి నిలబడతాడు. అయినా నేను మధ్యలో దిగిపోను. అమ్మ ఎలా ఉందని అడుగుతాను. మా అంతస్తు వచ్చేదాకా చెబుతూనే ఉంటాడు. అతని మాటల్లో ఎక్కడైనా 'ముస్లిములు కారు' అన్న ఆ పాత మాట దొర్లుతుందేమోనని చెవులు రిక్కించే వింటాను. దొర్లలేదు కదా అని ఊపిరి పీల్చుకుని, మర్నాడు మళ్లీ నేనే ముందుగా పలకరిస్తాను.