ఇద్దరూ తీసేసిన రెండంగుళాలు

నాన్న పోయాక ఎల్బీనగర్ ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజుల్లో అమ్మ మేడమెట్ల మీంచి పడింది. నడుము దెబ్బతింది, కాళ్లు ఇక రావని డాక్టర్లు తేల్చారు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివాను. ఏ కష్టం వచ్చినా ముందు దాన్ని వరసలుగా విడదీసుకోవడం నాకు అలవాటు. అమ్మ చేయగలిగినవి: మంచం మీంచి చక్రాల కుర్చీలోకి జరగడం, చక్రాలు తిప్పుకోవడం, కూర తరగడం, జడ అల్లుకోవడం. చేయలేనివి: నిలబడటం, మెట్లెక్కడం, మా బాత్‌రూమ్‌లోకి వెళ్లడం. వీటిలో చివరిదాన్ని మాత్రం మార్చవచ్చు. తలుపు వెడల్పు చేస్తే చాలు.

ఆసుపత్రి వరండాలో కుర్చీ నడపడం నేర్చుకుంటూ అమ్మ అదే అడిగింది.

"అన్నం నువ్వే వండు, బట్టలు నువ్వే పిండు. గా ఒక్క పనికి మాత్రం నన్ను ఒక్కదాన్నే పోనియ్యి బిడ్డా. కొడుకుతోని చేయించుకునుడు నాతోని గాదు."

మేస్త్రి నల్లగొండ దిక్కు మా ఊరాయనే. అమ్మను అక్కా అంటాడు. వడ్రంగి గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణం పెట్టుకున్నాడు. ఇద్దరూ ఏళ్ల తరబడి జంటగా పని చేశారు, ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. మేస్త్రి టేపుకు మొదటి రెండంగుళాలు ఎప్పుడో తెగిపోయాయి. కొత్తది కొనడు. టేపు మీద కనబడిన అంకె పైకి చెప్తాడు, పక్కనున్న వడ్రంగి అందులోంచి రెండు తీసి చెక్క మీద గీత గీస్తాడు. అది వాళ్లకు మాట్లాడుకోనక్కర్లేని లెక్క.

మేస్త్రి గోడ కొట్టిన రోజు బంద్. చౌరస్తాలో రాస్తారోకో జరుగుతోంది, వడ్రంగి రాలేకపోయాడు. మేస్త్రి ఒక్కడే కొలిచాడు. ఒక పక్క పిల్లరు, ఇంకో పక్క నీళ్ల పైపు. మధ్యలో ఎంత దొరికితే అంతే. టేపు ముప్పై మూడు చూపించింది. వడ్రంగికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు.

"రాసుకో బావా. ముప్పై ఒకటి."

"రాసుకున్నా. చెక్క రేపు కోస్తాను. మీ వాళ్లు దుకాణం తెరవనిస్తే."

"మా రాష్ట్రం మాకియ్యుండ్రి, రాత్రీ పగలూ తెరుసుకో."

"తీసుకో బావా, ఎవరొద్దన్నారు? తలుపులు బిగించడానికి మాత్రం నన్నే పిలుస్తావ్."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

తలుపు చౌకట్టు ఆటోలో వచ్చిన రోజు నేను కంపెనీలో డ్యూటీలో ఉన్నాను. మేస్త్రి దాన్ని నిలబెట్టి, మిగిలిన సందుల్లో ఇటుక ముక్కలు, సిమెంటు నింపేశాడు. అమ్మ ఇంటికి వచ్చేసరికి సిమెంటు రాయిలా గట్టిపడింది.

ఆమె మమ్మల్నెవరినీ కుర్చీ ముట్టుకోనివ్వలేదు. తానే తిప్పుకుంటూ బాత్‌రూమ్ దాకా వెళ్లింది. ముందు చక్రాలు దాటాయి. పెద్ద చక్రాల దగ్గరికి వచ్చేసరికి ఆమె వేళ్ల కణుపులు రెండు పక్కలా చెక్కకు కొట్టుకున్నాయి. కొంచెం వెనక్కి వచ్చి మళ్లీ ప్రయత్నించింది. కుడిచేతి మీద చర్మం లేచింది. కుర్చీ పడుతుంది, దాన్ని నడిపే చేతులు పట్టవు. వెనకనుంచి ఎవరైనా తోస్తేనే లోపలికి పోతుంది.

నేను కొలిచాను. చౌకట్టు బయటి వెడల్పు ఇరవై తొమ్మిది.

మేస్త్రి అక్కడే నిలబడి వడ్రంగికి ఫోన్ చేశాడు.

"నేను ముప్పై ఒకటి జెప్పిన గదనే!"

"చెప్పావు. అందులోంచి రెండు తీశాను. నీ టేపు సంగతి నాకు తెలీదా?"

"నేనే తీసి జెప్పిన! నువ్వు పక్కకు లేవని తీసిన."

"ఇన్నేళ్లలో ఎప్పుడైనా తీసి చెప్పావా బావా? అయినా అంత సందు కనబడితే నన్ను అడగొద్దూ?"

"చెక్క ఉబ్బుతదని జాగ ఇడ్సినవనుకున్న."

అక్కడితో ఆగితే బాగుండేది. అమ్మ వేళ్ల మీద నెత్తురు చూసి మేస్త్రికి ఏమైందో, గొంతు పెంచాడు.

"నీళ్లల్ల తక్కువ ఇచ్చిండ్రు, కొలువులల్ల తక్కువ ఇచ్చిండ్రు. ఆఖరికి దర్వాజ గూడ తక్కువనే కోసిస్తివి."

"అంత మాటన్నాక నేను రాను మేస్త్రీ," అన్నాడు వడ్రంగి. బావా అనలేదు.

వేరే వాళ్లను పిలిచాను. ఇద్దరు వడ్రంగులు వచ్చి చూశారు. "ఎవరు వెట్టిన్రో వాళ్లతోనే తీపిచ్చుకో అన్నా, ఇంకొకని పనిల మేం చెయ్యి వెట్టం," అని వెళ్లిపోయారు. ఈ మేస్త్రి గోడ మళ్లీ కొడతానన్నాడు గానీ వడ్రంగిని తాను పిలవనన్నాడు. వడ్రంగి, మేస్త్రి పిలిస్తేనే వస్తానన్నాడు. ఇద్దరి మధ్య ఫోన్లు చేస్తూ నేను తిరిగాను. బంద్‌లు, సమ్మెలు నడుస్తూనే ఉన్నాయి. పొద్దునా సాయంత్రం పక్కింటి ఆంటీ వచ్చి అమ్మను లోపలికి తోసేది. మిగతా వేళల్లో నేను.

ఎండలు ముదిరాయి. అమ్మ మంచం పక్కన పెట్టిన చెంబు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నిండుగానే ఉండేది.

"నీళ్లెందుకు తాగలేదమ్మా?"

"దూప గాలే."

"ఇంత ఎండలోనా?"

"గాలేదంటే గాలేదు. నువ్వు తిన్నవా?"

మజ్జిగ కూడా మానేసింది. ఒకరోజు చలిజ్వరంతో వణికిపోయింది. దవాఖానకు తీసుకుపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పాకిందన్నారు. నీళ్లు సరిగా తాగదా అని డాక్టరమ్మ నన్ను అడిగింది. అమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది.

ఆ సంగతి మేస్త్రికి చెప్పాను. మర్నాడు పొద్దున తన బండి మీద వడ్రంగిని వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి ఏమన్నాడో నాకు తెలియదు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోకుండా గోడ కొట్టారు. వడ్రంగి తన టేపుతో కొలిచాడు, మళ్లీ మేస్త్రి అదే టేపుతో కొలిచాడు. కొత్త చౌకట్టు నిలబెట్టి, సిమెంటు వేయకముందే ఖాళీ కుర్చీని లోపలికీ బయటికీ నడిపారు. వడ్రంగి అందులో కూర్చుని, చక్రాల మీద చేతులు పెట్టుకుని తానే దాటాడు.

"సరిపోయింది బావా," అన్నాడు మెల్లగా. మేస్త్రి కళ్లు తుడుచుకుని తాపీ అందుకున్నాడు.

అమ్మ దవాఖాన నుంచి బాగా చిక్కిపోయి తిరిగొచ్చింది. చాలా రోజులు మంచం దిగలేదు. ఒక మధ్యాహ్నం తానే అడిగి కుర్చీలో కూర్చుంది. బాత్‌రూమ్ దాకా నేను తోశాను. గడప దగ్గర ఆపమని, చేతులు చక్రాల మీద పెట్టుకుంది. కొద్దికొద్దిగా ఆగుతూ లోపలికి వెళ్లింది. వేళ్లు ఎక్కడా తగల్లేదు.

"తలుపు దగ్గరికెయ్యి. నువ్వు అవుతలికి పో."

వేసి, హాల్లో నిలబడ్డాను. లోపల గోడకు బిగించిన ఇనుప కడ్డీ పట్టుకుని కమోడ్ మీదికి జరగాలి. కడ్డీ మీద గాజుల చప్పుడైంది. ఆగింది. మళ్లీ అయింది. చాలాసేపు ఇంకేమీ వినబడలేదు.

"రా బిడ్డా," అని పిలిచింది. "చేతులల్ల బలం లేదు."