నడిమి కాగితం

శబ్దాలతో సంగీతం చేసే ఆడవాళ్ల గురించి నేను నాలుగేళ్లపాటు ఒక చిన్న పత్రిక నడిపాను. రాగం, తాళం మాకొద్దు పొమ్మని మోటార్లతో, రేకులతో, పాడైన రేడియోలతో మోత పుట్టించే ఆడవాళ్లు. పదహారు పేజీలు, నలభై కాపీలు. నెల్లూరులో జిరాక్స్ తీయించి, మధ్యకు మడిచి రెండు పిన్నులు కొడితే పత్రిక తయారు. చెన్నై, బెంగళూరు, ఇంకా దూరాలకు పోస్టులో వెళ్లేది. ప్రతి సంచిక మొదట్లో ఒకటే మాట రాసేదాన్ని: ఆడదాని మోత ఎవరూ వినరు, మేం వింటాం. అది రాసేటప్పుడు నాకు నా మీద చాలా గౌరవంగా ఉండేది.

ఆ ఆడవాళ్లలో నేను కళ్లారా చూసింది ఒక్కర్తినే. నాకన్నా చిన్నది, మైపాడు దగ్గర రొయ్యపిల్లల హేచరీలో పని, ఆదివారం చర్చిలో కీబోర్డు. చవక మైకును ప్లాస్టిక్ కవర్లో చుట్టి హేచరీ పక్కనున్న రొయ్యల గుంటలోకి దించేది. మేత వేయగానే వేల నోళ్లు కొరికే చిటపట, దాని వెనక నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్ చక్రాల హోరు. ఆ రికార్డింగును చర్చి స్పీకర్‌లో వినిపించినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అసూయ కూడా కలిగింది, అబద్ధమెందుకు.

"నన్నొకసారి వెయ్యవా అక్కా నీ పుస్తకంలో" అని అడగడానికి ఆమెకు ఏడాది పట్టింది. "మా అమ్మ దీన్ని పిచ్చంటా ఉండాది. అచ్చులో నా ఫొటో చూస్తే నమ్ముతాది."

వచ్చే సంచికలో, వచ్చే సంచికలో అని మూడుసార్లు తిప్పాను. ఆ మూడు సంచికల్నీ కవర్లలో పెట్టి పోస్టు చేసింది ఆమే. ఎక్కడో మంచు దేశాల వాళ్లకు చోటు దొరికింది గానీ, బస్సెక్కి వచ్చి నాకు పనిచేసిపెట్టే మనిషికి దొరకలేదు. చివరికి నడిమి కాగితం ఇచ్చాను. ఎడమవైపు ఆమె ఫొటో, కుడివైపు ఆమె మీద నా వ్యాసం.

క్రిస్మస్ చీర కట్టుకుని గుంట గట్టు మీద ఫొటో తీయించుకుంది. "పెళ్లి ఫొటోల్లో నన్ను చూసి కరెంటు పోయిందా అంటారక్కా. ఇది మాత్రం వెలుతురు చూసి తీయించినా" అంది. నేను నవ్వాను.

జిరాక్స్‌లో ఆ మొహం మొత్తం నల్లగా పడింది. పళ్లు, చీర అంచు తప్ప ఏమీ లేదు. "మనిషి కనపడలా మేడం. లైట్ పెంచి ఇంకోటి తీస్తా, రెండు నిమిషాలు" అన్నాడు షాపాయన. నేను కాగితం పట్టుకుని చూశాను. నల్లటి చదరం, అందులో రెండు తెల్లటి మరకలు. ఇలాంటి పేజీ కోసం నాలాంటి పత్రికలవాళ్లు పడి చస్తారు. ఆమె చెప్పిన కరెంటు మాట అప్పుడు గుర్తురాలేదని చెప్పుకోవచ్చు. గుర్తొచ్చింది. "వద్దులే, ఇట్టానే బాగుండాది" అన్నాను.

పత్రికలు తీసుకుని వాళ్లింటికి నేనే వెళ్లాను. వాళ్లమ్మ పేజీలు తిప్పి "ఏదే నువ్వు?" అంది. కూతురు వేలు పెట్టి చూపించింది. ఆవిడ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసి, "ఇదేంది, బొగ్గా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నేను కళ గురించి, చీకటి గురించి ఏదో చెప్పాను. ఆవిడ పుస్తకాన్ని కూతురికి కాకుండా నా చేతికి తిరిగిచ్చింది.

"పోస్టు చేస్తాలే అక్కా" అంది ఆ పిల్ల. నా మొహం చూడలేదు.

పది రోజుల్లో మెసేజ్‌లు మొదలయ్యాయి. ఇన్ని సంచికల్లో ఇదే గొప్పది అన్నారు. తర్వాత తప్పు అడ్రసుకు వెళ్లిన కవరొకటి తిరిగొచ్చింది. విప్పితే ఆరో పేజీ తర్వాత పదకొండు ఉంది. పిన్నులు ఎత్తి, నడిమి కాగితం తీసేసి, మళ్లీ పొందిగ్గా నొక్కేశారు. ముందు నా వ్యాసం పోయిందని ఒళ్లు మండింది. ఆమె గుర్తొచ్చింది ఆ తర్వాతే.

మర్నాడే హేచరీ గేటు దగ్గర పట్టుకున్నాను. "అన్నిట్లోనూ తీసేసినావా?"

"అన్నిట్లోనూ." చేతులు తడిగా ఉంటే చున్నీకి తుడుచుకుంది. "ఎవరన్నా అడిగినారా అక్కా, ఆ పేజీ ఏదని?"

ఒక్క పేరు చెబితే సరిపోయేది. ఎవరో ఒకరు అడిగారని, ఎక్కడో బెంగళూరులో ఒకామె వెతుక్కుందని. ఆమె నా నోటివైపే చూస్తోంది.

"లేదు, ఎవురూ అడగలా" అన్నాను. తలూపి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ గుంటలో మైకు దించలేదని తర్వాత తెలిసింది. ఆ రోజు బస్సులో తిరిగొస్తూ, నిజమే చెప్పినందుకు నాకు నా మీద గౌరవంగానే ఉంది.