గంట మోగగానే కూర్చున్న ఎమ్మెల్యే

లెక్కల టీచరుగా రిటైరైన మరుసటి ఏడాదే నేను మంచిర్యాలలో ఎమ్మెల్యేగా నిలబడ్డాను. ఆ ఆలోచన నాది కాదు. నా దగ్గర చదువుకున్న పిల్లల తల్లిదండ్రులు, ఎక్కువగా నస్పూర్ బొగ్గుబాయి కార్మికులు, ఒక ఆదివారం ఇంటికొచ్చారు. పార్టీ టికెట్ ఇస్తానంటోందని, కాదనొద్దని పట్టుబట్టారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయనా బాయిలో పనిచేసి రిటైరైన మనిషే. మాట తక్కువ.

"ఇన్నేండ్లు నా మీద, పిల్లల మీద ఒర్లినవ్. ఇగ సర్కారు మీద ఒర్లు," అన్నాడు.

నా అరుపులు తెలిసినవాళ్లే కాబట్టి అందరూ నవ్వారు. దాంతో ఖాయమైపోయింది.

ప్రచారంలో కాలనీలన్నీ నడిచే తిరిగాను. చాలా ఇళ్లలో నన్ను ఓటు అడగనివ్వలేదు. చాయ్ పోసి, పిల్లల మార్కులు చూపించారు. ఒక గుమ్మంలో ఓ పిల్ల భిన్నాల లెక్క దగ్గర ఆగిపోయి ఏడుపు ముఖం పెట్టుకుని ఉంది. పక్కన కూర్చుని చెప్పాను. నా వెనక జెండాలు పట్టుకున్నవాళ్లు ఎండలో నిలబడి విసుక్కున్నారు. ఆ ఇంటామె ఓటు ఎవరికి వేసిందో తెలియదు గానీ, పిల్లకు లెక్క వచ్చింది.

అవతలి పార్టీ ప్రచారం నడిపినవాడు నా పాత విద్యార్థి. ఒక సాయంత్రం చౌరస్తాలో రెండు గుంపులూ ఎదురుపడ్డాయి. జీపు మీద మైకు పట్టుకుని నన్ను ఏకిపారేస్తున్నవాడు, నన్ను చూడగానే మైకు ఆపి, దిగొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నమస్తే టీచర్. జర ఏమనుకోకుండ్రి, గిది నా పని."

"తిట్టు బిడ్డా. గని సక్కగ తిట్టు. నేను పాఠం చెప్పిన బడి పేరు తప్పు జెప్పినవ్."

అతను మళ్లీ జీపెక్కి, ముందు బడి పేరు సరిచేసి, ఆ తర్వాత మిగతా తిట్లు పూర్తిచేశాడు.

గెలిచాను. అసెంబ్లీలో మొదటిసారి మాట్లాడే రోజు వచ్చింది. గోదావరి ఒడ్డు పల్లెల్లో ఆడపిల్లలు పదో తరగతితో చదువు ఆపేస్తున్నారని, మంచిర్యాల పట్నంలో ఉండటానికి చోటు లేకపోవడమే కారణమని చెప్తున్నాను. అసలు కోరిక ఇంకా నోటి దాకా రాలేదు. అంతలో సమయం అయిపోయిందని స్పీకర్ గంట కొట్టారు. బడిలో ఉన్నన్నాళ్లూ గంట మోగితే పాఠం ఆపేయడమే నాకు అలవాటు. వాక్యం మధ్యలోనే కూర్చుండిపోయాను.

పక్క సీట్లోని సభ్యుడు భైంసా వైపు పత్తి వ్యాపారి. ఆయన నా వైపు వంగి అడిగాడు.

"కూసున్నరేందమ్మా? గా గంటకు ఈడ ఎవ్వరాగరు."

స్పీకర్ కూడా నవ్వి, మిగిలింది చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను.

"గంట కొట్టినంక పాఠం జెప్తే పిల్లలు తిట్టుకుంటరు అధ్యక్షా. ఒక్క మాటే. మా ఆడపిల్లలకు హాస్టల్ కావాలె."

ఎదుటి బెంచీల వాళ్లూ బల్లలు చరిచారు. బయట వరండాలో హాస్టళ్ల శాఖ చూసే మంత్రిగారు నన్ను ఆపి, గంటకు ఆగిన సభ్యురాలిని ఇన్నేళ్లలో ఇప్పుడే మొదటిసారి చూశానన్నారు. మంచిర్యాల వచ్చి చూస్తానని మాటిచ్చారు, వచ్చారు కూడా. ఆ తర్వాత ఆఫీసుల చుట్టూ చాలా తిరగాల్సి వచ్చింది. చివరికి ఒక అద్దె భవనంలో హాస్టల్ మొదలైంది.

తెరిచిన రోజు సాయంత్రం పిల్లలతో కలిసి చాప మీద కూర్చుని తిన్నాను. కొత్త చోటు కదా, బిక్కుబిక్కుమంటూ ఉంటారనుకున్నాను. నా పక్కనున్న పిల్ల రెండు ముద్దలు తిని నా వైపు తిరిగింది.

"మేడం, పప్పుల ఉప్పు లేదు. మీద అంతస్తుల నీళ్లు గూడ వస్తలేవు."

మిగతావాళ్లు కూడా మొదలుపెట్టారు. కిటికీకి గడియ లేదు, ఒక ఫ్యాను తిరగట్లేదు. వార్డెన్ పరేషాన్ అయిపోయింది. కావాల్సింది భయపడకుండా అడుగుతున్న ఆ పిల్లల్ని చూసి నాకు మాత్రం కడుపు నిండిపోయింది. ఉప్పు గిన్నె అందుకుని ఆ పిల్ల పప్పులో వేసి, నీళ్ల సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాను.