ఎస్తేరు కోసం చేసిన షుగర్ డబ్బా

ఇంజనీరింగ్ రెండో సంవత్సరం సెలవులకు నేను హైదరాబాద్ హాస్టల్ నుంచి జహీరాబాద్ వచ్చిన రోజు, మా చెల్లెలు ఎస్తేరు నా సంచీ అందుకోవడానికి కూడా లేవలేదు. ఎప్పుడూ బస్సు దగ్గరికే పరుగెత్తుకొచ్చే పిల్ల. ఆ రోజు నీళ్లకుండ పక్కన గోడకు ఆనుకుని కూర్చుని చెంబు మీద చెంబు తాగుతోంది. ఎనిమిదో తరగతి చదివే పిల్ల, లంగా నడుము దగ్గర నిలవక మడతపెట్టి పిన్నీసు పెట్టుకుంది.

"ఎన్ని తాగినా దూప పోతలేదన్నా," అంది.

"ఎండలు గట్లున్నయి బిడ్డా. అందరం గట్లనే తాగుతున్నం," అంది అమ్మ.

ఇది డెబ్బైల మొదట్లో మాట. నాన్నకు బజార్లో రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. షుగర్ అంటే పెద్ద వయసు వాళ్లకు, కూర్చుని తినే వాళ్లకు వచ్చే జబ్బని మాకు తెలుసు. అంతకు మించి తెలియదు. ఆ వారంలోనే ఎస్తేరుకు వాంతులు మొదలయ్యాయి. ఊపిరి ఆయాసంగా తీస్తోంది. నోటి దగ్గర మగ్గిపోయిన పండు వాసన. ఊళ్లో ఒక ప్రైవేటు డాక్టరు చూసి, "నీరసం, అంతే. ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే లేచి కూర్చుంటది," అన్నాడు. బాటిల్ సగం ఎక్కేసరికి పిల్ల పిలిస్తే పలకడం మానేసింది.

నాన్న బొంబాయి రోడ్డు మీదికి పరుగెత్తి ఒక లారీని ఆపాడు. హైదరాబాద్ దాకా ఆమె తల నా ఒళ్లోనే ఉంది.

పెద్ద దవాఖానలో డ్యూటీ డాక్టరమ్మ ఎస్తేరు నోటి దగ్గరకు వంగి వాసన చూసింది. "ఈ పిల్లకు గ్లూకోజ్ ఎవరు పెట్టారు?" అని అడిగి, జవాబు కోసం ఆగలేదు. మూత్రం పరీక్ష కాగానే, యూరిన్ షుగర్ ఫోర్ ప్లస్, కీటోన్స్ ఉన్నాయి, డయాబెటిక్ కోమా అని నర్సుకు వరసగా చెప్పుకుంటూ పోయింది.

"గీ పసిపిల్లకు షుగర్ ఎట్లొస్తది మేడమ్?" అన్నాడు నాన్న.

"ఇది జువెనైల్ డయాబెటిస్, పిల్లల్లో వచ్చే షుగర్. ఒంట్లో ఇన్సులిన్ తయారు కావడం లేదు. బతికితే, బతికినన్నాళ్లూ ఇంజెక్షన్ తీసుకోవాలి."

ఎస్తేరు బతికింది. కళ్లు తెరిచి మొదట అడిగింది స్కూలు తెరిచారా అని.

ఇంటికొచ్చాక మా వంటిల్లు చిన్న ల్యాబ్ అయింది. గాజు సిరంజిని గిన్నెలో మరిగించాలి. మాకు ఫ్రిజ్ లేదు కాబట్టి ఇన్సులిన్ సీసాను తడి ఇసుక మీద పెట్టిన కుండలో దాచాలి. పొద్దున్నే బెనెడిక్ట్స్ సొల్యూషన్‌లో మూత్రం చుక్కలు వేసి స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగా ఉంటే షుగర్ లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు వస్తే చాలా ఉందని. కొన్నాళ్లకు ఎస్తేరు మమ్మల్ని పక్కకు జరగమని తనే అన్నీ చేసుకోవడం మొదలుపెట్టింది. తొడ మీద సూది గుచ్చుకునేటప్పుడు మాత్రం అమ్మను అటు తిరగమనేది.

ఒకసారి మూత్రం పసుపుపచ్చగా వచ్చిందని ఇన్సులిన్ కొంచెం పెంచింది. బడిలో ప్రార్థన జరుగుతుండగా చెమటలు పట్టి పడిపోయింది. టీచర్లు నోట్లో చక్కెర నీళ్లు పోయగలిగారు కాబట్టి లేచింది. తర్వాత హైదరాబాద్‌లో చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టరమ్మను ఆమే అడిగింది.

"షుగర్ ఎక్కువున్నదని రంగు చెప్పింది మేడమ్. మరి తక్కువై ఎట్ల పడిపోయిన?"

"మూత్రం గడిచిపోయిన గంటల సంగతి చెబుతుందమ్మా. ఇప్పుడు ఎంత ఉందో రక్తమే చెప్పాలి. ఆ పరీక్ష ఇక్కడ ల్యాబ్‌లో చేస్తాం. రిపోర్టు రేపొస్తుంది."

"రేపొస్తే నాకేం ఫాయిద?" అంది ఎస్తేరు. ఎగతాళిగా కాదు. నిజంగానే అడిగింది.

నేను అప్పటిదాకా రేడియో, టెలివిజన్ వైపు పోదామనుకున్న ఎలక్ట్రానిక్స్ విద్యార్థిని. ఆ ప్రశ్న తర్వాత బయోమెడికల్ వైపు తిరిగాను. పై చదువు అయ్యాక హైదరాబాద్‌లోనే ఒక పరిశోధన సంస్థలో చేరాను. మా పని వినడానికి సులువు. గ్లూకోజ్‌ను గుర్తుపట్టే ఎంజైమ్‌ను పల్చటి పొరలో బంధించి ఎలక్ట్రోడ్ మీద అతికిస్తాం. రక్తపు చుక్క దాని మీద పడితే సన్నటి కరెంటు పుడుతుంది. ఆ కరెంటును కొలిస్తే షుగర్ ఎంతో తెలుస్తుంది. రోగి మంచం పక్కనే, అప్పటికప్పుడు. ఇప్పుడు దీన్ని బయోసెన్సర్ అంటున్నారు. మేం మాత్రం డబ్బా అనేవాళ్లం.

చేయడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా ఎస్తేరు టీచర్ ట్రైనింగ్ చేసి మా ఊళ్లోనే బడిలో లెక్కలు చెప్పడానికి చేరింది. పెళ్లి మాట ఎత్తితే, "సూదుల తోటి కాపురం నడుస్తనే ఉన్నది," అనేది. మొదటి డబ్బాను నేను మే నెలలో జహీరాబాద్ తీసుకెళ్లాను. చల్లటి ల్యాబ్‌లో బుద్ధిగా పనిచేసినది మా రేకుల ఇంట్లో ఒకే రక్తానికి మూడు రకాల అంకెలు చూపించింది. ఎస్తేరు మూడోసారి వేలు గుచ్చుకుని నవ్వింది.

"నాకన్న మీ డబ్బకే ఎక్కువ నీరసం ఉన్నట్టుందన్నా. జర దానికి కూడ ఇన్సులిన్ ఇయ్యి."

వేడికి తట్టుకునేలా పొరను మార్చుకుంటూ, ఉష్ణోగ్రతను సరిదిద్దే సర్క్యూట్ కలుపుకుంటూ మరికొన్నేళ్లు గడిచాయి. ఎనభైల నడుమ చేతిలో పట్టే డబ్బా తయారైంది. ఎర్రటి అంకెలు వెలుగుతాయి. దాన్ని తీసుకుని సంబరంగా ఇంటికెళ్లాను. ఎస్తేరు వేలు గుచ్చుకుంది, చుక్క వేసింది, డబ్బాను మొహానికి దగ్గరగా పెట్టుకుని అలాగే కూర్చుంది.

"ఎంతొచ్చిందన్నా?" అంది చివరికి.

కొన్ని నెలలుగా కళ్ల ముందు నల్లటి దారాలు ఊగుతున్నాయని, పొద్దున కాచే గాజు గొట్టంలో రంగు కూడా ఇప్పుడు అమ్మే చూసి చెబుతోందని అప్పుడు బయటపడింది. నేను పనిలో ఉన్నానని నాకు చెప్పనివ్వలేదట.

కంటి డాక్టరు చాలాసేపు చూశాడు. "డయాబెటిక్ రెటినోపతి. లోపల రక్తం కారింది. ఒక కన్ను చేయి దాటిపోయింది. ఇంకో కంటికి లేజర్ చేద్దాం గానీ ఆశ పెట్టుకోవద్దు," అన్నాడు. చేశారు. వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు.

ఆమె ఆస్పత్రి బల్ల మీద కూర్చుని నా చెయ్యి తడుముకుని పట్టుకుంది. "రేడియోలు చేసెటోని కొడుకువు. దాన్ని మాట్లాడిపియ్యరాదా?" అంది.

మాట్లాడించడం నాకు రాలేదు. మోగించడం వచ్చింది. ప్రతి ఇరవై మిల్లీగ్రాములకు ఒక మోత. ఆరుసార్లు మోగితే నూట ఇరవై. ఎస్తేరు దానితో లెక్క కట్టుకుని, సిరంజిని మాత్రం అమ్మ చేత నింపించుకుని సూది వేసుకునేది. కళ్లు పోయాక కూడా కొన్నాళ్లు బడికి వెళ్లింది. నల్లబల్ల లేకుండా పిల్లలకు ఎక్కాలు, నోటిలెక్కలు చెప్పేది.

ఆ రోజుల్లోనే మాకు మంచి కాలం వచ్చిందనుకున్నాం. మోతలు తగ్గుతూ వచ్చాయి. ఎప్పుడూ పన్నెండు, పదిహేను మోగేది, ఆరుకూ ఐదుకూ దిగింది. ఇన్సులిన్ సగం వేసుకున్నా చాలుతోంది. అమ్మ చర్చిలో కృతజ్ఞత ప్రార్థన చేయించింది. నాన్న దుకాణానికొచ్చిన వాళ్లందరికీ, "మా పిల్లగాడు చేసిన మిషిని తోటి బిడ్డ షుగర్ దిగింది," అని చెప్పుకున్నాడు. నాకూ అలాగే అనిపించింది. ల్యాబ్‌లో ఆ అంకెలతో గ్రాఫ్ గీసి గోడకు అతికించాను.

తర్వాత ఆమె పాదాలు వాచాయి. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి ఉండేది. అన్నం చూస్తే వికారం. హైదరాబాద్ తీసుకొచ్చాను. డాక్టరు రిపోర్టులు చూసి నన్నొక్కడినే పిలిచాడు.

"క్రియాటినిన్ చాలా ఎక్కువుంది. రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి."

"షుగర్ కంట్రోల్‌లోనే ఉంది కదండీ. ఇన్సులిన్ కూడా సగానికి తగ్గింది," అన్నాను.

ఆయన రిపోర్టును నా వైపు తిప్పాడు. "సూదితో వేసిన ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తీసేసేది చాలా వరకు కిడ్నీలే. అవి పనిచేయకపోతే ఇన్సులిన్ లోపలే ఎక్కువసేపు ఉండిపోతుంది. కొంచెం వేసినా సరిపోతుంది. బాగవడం వల్ల తగ్గలేదండీ, ఇది."

నా డబ్బా తప్పు చెప్పలేదు. ప్రతి అంకె సరైనదే. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

నా కిడ్నీ ఇస్తానన్నాను. ఎస్తేరు గుండె కూడా బలహీనంగా ఉంది, అంత ఆపరేషన్‌కు తట్టుకోదన్నారు. డయాలిసిస్ యంత్రాలు నగరంలోనే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కొన్నిసార్లు చేశారు. ఒక మధ్యాహ్నం నేను వేలు గుచ్చబోతే ఎస్తేరు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇయ్యాల వద్దన్నా. ఉత్తగ కూసో."

కూర్చున్నాను. బడిలో ఏ పిల్ల బాగా లెక్కలు చేస్తుందో చెప్పింది. అమ్మకు కొత్త కళ్లద్దాలు కొనమంది. చెబుతూ చెబుతూ నిద్రపోయింది. మర్నాడు చీకటి పడకముందే పోయింది. జహీరాబాద్ తీసుకెళ్లి సమాధి చేశాం. బడి పిల్లలందరూ వచ్చిన్రని నాన్న ఎవరు కనిపించినా చెప్పేవాడు, ఆ ఒక్క మాటే.

గోడ మీది గ్రాఫ్‌ను నేను తీసేశాను. ల్యాబ్‌కు పోబుద్ధి కాని నెలలు చాలా ఉన్నాయి. మళ్లీ వెళ్లేలా చేసింది అమ్మే. "నువ్వు ఇంట్ల కూసుంటె ఎస్తేరు ఊకుంటదా?" అంది. ఇప్పుడు, ఈ తొంభైల మొదట్లో, మా సెన్సర్‌ను ఒక ఆస్పత్రి పిల్లల వార్డులో పరీక్షిస్తున్నారు. మందుల షాపుల్లో దొరికే రోజుకు ఇంకా దూరం ఉంది. వారానికోసారి నేను వార్డుకు వెళతాను. పిల్లల వేళ్లు గుచ్చే పని మాత్రం నర్సుకే వదిలేస్తాను.

మీ ఇంట్లో ఇన్సులిన్ తీసుకునే వాళ్లుంటే ఒక్క మాట. తిండి మారకుండా, పని పెరగకుండా, ఉన్నట్టుండి ఇన్సులిన్ తక్కువ సరిపోతోందంటే సంతోషపడి ఊరుకోకండి. ఆ వారంలోనే మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో యూరియా, క్రియాటినిన్ చూపించండి. డాక్టరు రాయకపోతే మీరే అడగండి. మూత్రం పరీక్ష మా జహీరాబాద్ దవాఖానలోనూ చేస్తారు. మాకు అడగాలని తెలియలేదు.